స్క్రీన్‌కి ఇవతల కూడా ఒక టీచర్ ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. నర్సింగ్ కాలేజీలకి టీచర్లు దొరకడం లేదు కాబట్టి వీడియో క్లాసులతో సర్దుకోవచ్చు అనే మాట ఈ మధ్య తరచుగా చెవిన పడుతోంది. ఆ మాట అంటున్న పెద్దవాళ్లు ఆ క్లాసుల్లో కూర్చుని నేర్చుకున్నవాళ్లు కాదు. మేం కూర్చున్నాం. రెండో సంవత్సరం నుంచి మా థియరీలో చాలా భాగం స్క్రీన్ మీదే జరిగింది. దానివల్ల ఏం వచ్చిందో, ఏం రాలేదో మాలో ఒకరు చెబితే మంచిదనిపించి రాస్తున్నాను.

వీడియో క్లాసులు ఎత్తేయమని అడగడం లేదు. అవే లేకపోతే నా చదువులో కొన్ని మంచి పాఠాలు ఉండేవే కావు. నేను అడిగేది ఒక్కటే. పాఠం ఎంత దూరం నుంచి వచ్చినా సరే, పిల్లలు కూర్చున్న గదిలో కూడా ఒక టీచర్ ఉండాలి.

మా దగ్గర క్లాసు జరిగే పద్ధతి చెబుతాను. మేనేజ్‌మెంటుకి వేరే ఊళ్లలో కూడా కాలేజీలున్నాయి. ఒక సబ్జెక్టులో బాగా అనుభవమున్న మేడమ్ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి నుంచే చెబుతారు. మిగతా కాలేజీల వాళ్లం సెమినార్ హాల్లో కూర్చుని వింటాం. ఇది ఎప్పుడో తీసి పెట్టిన వీడియో కాదు. ఆవిడ మమ్మల్ని చూస్తారు, మేం ఆవిడతో మాట్లాడొచ్చు. మధ్యలో చిన్న చిన్న వీడియోలు వేసి, ఒకచోట ఆపి, నాలుగు ఆప్షన్లతో ప్రశ్న ఇస్తారు. ఫోన్‌లో జవాబు నొక్కితే ఎంతమంది ఏది అనుకున్నారో అందరికీ స్క్రీన్ మీద కనిపిస్తుంది.

ఒకవైపు నుంచి మాత్రమే వచ్చే పాఠం ఎలా ఉంటుందో మా బ్యాచ్‌కి తెలుసు. 2020లో కరోనా వచ్చినప్పుడు మాది పదో తరగతి. బడులు మూసేశాక దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. మా అమ్మ పొలం పనికి వెళ్లకుండా ఆగి మరీ నన్ను టీవీ ముందు కూర్చోబెట్టేది. టీవీలో సార్లు చక్కగానే చెప్పేవారు. కానీ ఒక మెట్టు అర్థం కాకపోతే ఆపమనడానికి లేదు, ఆ తర్వాతి మెట్లన్నీ అలాగే పోయేవి. ఆ ఏడాది పరీక్షలు కూడా రద్దవడంతో ఎవరికి ఏం వచ్చిందో, ఏం రాలేదో తేలనే లేదు.

అంతకు ముందు తరం సంగతి మా వార్డు ఇన్‌చార్జి సిస్టర్ గారు చెబుతుంటారు. ఉద్యోగం చేసుకుంటూనే ఆవిడ ఇగ్నో అనే దూరవిద్య యూనివర్సిటీలో, నర్సులు తర్వాత చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీ డిగ్రీ చేశారు. మేడమ్ టీవీలో కనిపించేవారట, డౌట్ ఉంటే ఫోన్ చేసి అడగాలి. లైన్ కలిస్తే అదృష్టం. చదువుల కోసమని ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్నే 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచి పంపారు. దూరం నుంచి పాఠం చెప్పాలన్న తాపత్రయం మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. మా తరానికి కొత్తగా దొరికింది ఏమిటంటే, చెబుతున్న మేడమ్‌ని అప్పటికప్పుడు ఆపి అడగగలగడం. అడిగేవాళ్లు లేకపోతే ఇంత పెద్ద స్క్రీన్ పెట్టీ ఉపయోగం లేదు.

అడగడం మాత్రం పైకి కనిపించేంత తేలిక కాదు. మా హాల్లో కెమెరా వెనక గోడకి పైన ఉంటుంది. అరవై మందిలో మేడమ్‌కి కనిపించేది మా జడలే, ముఖాలు కాదు. మైకు ఒక్కటే, అది ముందు వరసలో ఉంటుంది. మాట అటు వెళ్లి జవాబు ఇటు రావడానికి ఒక్క క్షణం ఆలస్యమవుతుంది. ఈలోపు ఇంకో కాలేజీ నుంచి ఇంకొకరు మాట్లాడేస్తారు, ఇద్దరి మాటా కలిసిపోతుంది, ఇద్దరూ సారీ చెప్పి ఆగిపోతారు. “అర్థమైందా?” అని మేడమ్ అడిగితే మూడు ఊళ్ల నుంచి ఒకేసారి “ఎస్ మేడమ్” అని వినిపిస్తుంది. అర్థం కానివాళ్లు కూడా ఎస్ మేడమే అంటారు.

దీని వెనక భయం ఉంది. మాలో చాలామందిమి మాచర్ల, వినుకొండ, పిడుగురాళ్ల వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లం. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివినవాళ్లూ ఉన్నారు. సొంత క్లాసులో తప్పు ఇంగ్లిష్ మాట్లాడితే పక్కన ఉన్నవాళ్లే వింటారు. మైకు పట్టుకుని మాట్లాడితే ముక్కూ ముఖం తెలియని వేరే ఊళ్ల వాళ్లంతా వింటారు. మా రూమ్మేట్ ఒకమ్మాయి డౌట్లన్నీ నోట్సు చివరి పేజీలో రాసుకునేది. వాటిలో కొన్ని నిజంగా మంచి ప్రశ్నలు. కిడ్నీ పేషెంటుకి నీళ్లు కొలిచి ఇవ్వాలంటారు కదా, మరి మందులు మింగడానికి ఇచ్చే నీళ్లు ఆ లెక్కలోకి వస్తాయా అని రాసుకుంది ఒకసారి. వస్తాయి, తప్పకుండా లెక్కలో రాయాలి. వార్డులో రోజూ పనికొచ్చే ప్రశ్న అది. ఆ సెమిస్టర్ అయిపోయేదాకా ఆ పేజీలోనే ఉండిపోయింది.

రెండో సంవత్సరంలో మాకు ఒక ట్యూటర్ మేడమ్ ఉండేవారు. వీడియో క్లాసుకి ఆవిడకి అప్పగించిన పని అటెండెన్సు తీసుకోవడం వరకే. తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆవిడ వెళ్లేవారు కాదు. వెనక నుంచి మెల్లగా బెంచీల మధ్య నడుస్తూ మా నోట్సులు చూసేవారు. ఎవరి పెన్ను ఆగిపోయిందో కనిపెట్టి పక్కన నిలబడి “ఏమ్మా, ఎక్కడ పోయింది?” అని చిన్నగా అడిగేవారు. చెబితే, మైకు తీసుకుని “మేడమ్, ఒక్క నిమిషం. మా పిల్లలకి ఈ భాగం అందలేదు, ఇంకోసారి చెప్పరూ” అనేవారు. మొదట్లో మా తరఫున ఆవిడే అడిగారు. తర్వాత మైకు మా చేతికిచ్చి “నువ్వే అడుగు, తెలుగులోనే అడుగు, నేనున్నాగా” అన్నారు. అవతలి మేడమ్ కూడా చాలా మంచావిడ. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిచ్చి, పరీక్షలో ఎలా రాయాలో ఇంగ్లిష్‌లో మళ్లీ చెప్పేవారు. మా రూమ్మేట్ మొదటిసారి మైకు పట్టుకుంది అప్పుడే.

ఆ ట్యూటర్ మేడమ్ తర్వాత వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. ఆవిడ స్థానంలో ఎవరినీ వేయలేదు, అటెండెన్సుకి వేలిముద్ర మెషీన్ పెట్టారు. అవతల అదే మేడమ్, అదే స్క్రీన్, అవే వీడియోలు. హాలు మాత్రం మళ్లీ ఎస్ మేడమ్ దగ్గరికి వచ్చేసింది. ఈ తేడా నేను కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇక ఆ క్లాసుల్లో ఎంత మేలు జరగగలదో కూడా చెప్పాలి. పురుగుల మందు తాగిన కేసుల గురించి జరిగిన క్లాసు నేను ఎప్పటికీ మర్చిపోను. మిరప, పత్తి పండే జిల్లాలు మావి. ఏ ఊళ్లో అడిగినా అలాంటి కేసు ఒకటి తెలిసే ఉంటుంది. మేడమ్ ఒక వీడియో వేశారు. పేషెంటు నోటి నుంచి చొంగ కారుతోంది, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొనంత అయిపోయింది. అక్కడ ఆపి, ముందు ఏం చేస్తారు అని అడిగారు. విరుగుడు మందైన అట్రోపిన్ సిద్ధం చేయడం, బట్టలు తీసి ఒళ్లు సబ్బుతో కడగడం, నోట్లో స్రావాలు లాగేసి ఊపిరి ఆడేలా చూడడం, కేస్ షీట్ రాయడం. చాలామంది అట్రోపిన్ నొక్కారు. మేడమ్ తప్పు అనలేదు. అట్రోపిన్ నొక్కిన ఒకమ్మాయిని లేపి ఎందుకో చెప్పమన్నారు. ఆ తర్వాత ఊపిరి అన్నవాళ్లని లేపారు. రెండు కాలేజీల మధ్య వాదన జరిగింది. ఊపిరి దారి ముందు, మిగతావన్నీ దాని వెంట చకచకా జరగాలి, గ్లవుజులు లేకుండా ఆ బట్టలు ముట్టుకోకూడదు అని మాలో మేమే తేల్చుకున్నాం. అట్రోపిన్ ఇస్తున్నప్పుడు డాక్టర్లు మోతాదు ఎందుకు పెంచుకుంటూ పోతారో, ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందో లేదో మేం ఎందుకు మళ్లీ మళ్లీ వినాలో, అట్రోపిన్ ఎక్కువైతే పేషెంటు ఎలా కలవరిస్తాడో అన్నీ ఆ వాదనలోనే వచ్చాయి. పుస్తకంలో అదంతా ఒక పేరా.

తర్వాత ఇంకో వీడియో. అదే పేషెంటు, మూడో రోజు. తెలివిగా ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, ఇంటివాళ్లు గండం గడిచిందనుకుంటున్నారు. దిండు మీద నుంచి తల మాత్రం ఎత్తలేకపోతున్నాడు. మేడమ్ ఆపి, నీరసమని వదిలేస్తారా, డాక్టర్ని పిలుస్తారా అన్నారు. పిలవాలి, వెంటనే పిలవాలి. ఈ రకం విషంలో ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఆ వెంట ఊపిరి తీసే కండరాలు బలహీనపడే ప్రమాదం ఉంటుంది. అది ముందుగా తెలిసేది తల ఎత్తలేకపోవడంలోనే.

ఆ తర్వాత వార్డు పోస్టింగులో నాకు అలాంటి పేషెంటే వచ్చారు. మా నాన్న వయసు ఉంటుంది. డ్యూటీలో ఉన్న ప్రతిసారీ బీపీ, పల్స్ చూశాక “బాబాయ్, తల ఒకసారి దిండు మీద నుంచి ఎత్తు” అనేదాన్ని. ఎందుకని వాళ్లావిడ అడిగితే చెప్పాను. అప్పటి నుంచి రాత్రిళ్లు ఆవిడే ఎత్తించి చూసేది, పొద్దున నేను రాగానే “ఎత్తాడమ్మా” అని చెప్పేది. ఆయన బాగుపడి ఇంటికి వెళ్లారు. ఆ ఒక్క ప్రశ్న నా నోటికి అలవాటైంది వీడియో క్లాసు వల్లే, ఆ రోజు అంత వాదన జరగబట్టే. ఆ క్లాసు రోజు మా ట్యూటర్ మేడమ్ హాల్లో ఉన్నారని కూడా చెప్పాలి. మా వైపు నుంచి ఎవరెవరిని లేపాలో అవతలి మేడమ్‌కి చెప్పింది ఆవిడే.

వీడియో చేయలేని పని కూడా ఉంది, దాని గురించి కూడా అంతే గట్టిగా చెప్పాలి. గర్భిణి పొట్ట మీద చేతులు పెట్టి బిడ్డ తల ఎటుందో, వీపు ఎటుందో తెలుసుకోవడం మాకు నేర్పుతారు. స్క్రీన్ మీద అది కళ్లకు కట్టినట్టు చూపించారు. ముందు మూత్రానికి వెళ్లి రమ్మనాలి, మోకాళ్లు కాస్త మడిచి పడుకోబెట్టాలి, చేతులు చల్లగా ఉంటే పొట్ట బిగుసుకుంటుంది కాబట్టి రుద్దుకుని వెచ్చగా చేసుకోవాలి. క్విజ్‌లో అందరికీ మంచి మార్కులే వచ్చాయి. ప్రసూతి వార్డుకి వెళ్లాక నా చేతుల కింద ఏముందో నాకు తెలియలేదు, ఎవరికైనా మొదటిసారి తెలియదు కూడా. అక్కడి ట్యూటర్ గారు తన చెయ్యి నా చేతి మీద పెట్టి, నా వేళ్లని తన వేళ్లతో నొక్కి, కొంచెం పక్కకి జరిపారు. గట్టిగా గుండ్రంగా ఉన్నదేదో వేళ్ల మధ్య కదిలింది. “అదే తల. ఇప్పుడు పైకి రా, పిరుదులు చూడు, మెత్తగా ఉంటాయి.” ఆ పడుకున్న అక్క మా ఇద్దరి ముఖాలు చూస్తూ “దొరికిందా అమ్మాయ్?” అంది. ఆవిడకి మూడో కాన్పు, మాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు.

బీపీ సంగతీ అంతే. కఫ్‌లో గాలి దిగుతున్నప్పుడు వినపడే ఆ చప్పుళ్లని 1905లో కొరొట్కోవ్ అనే రష్యన్ డాక్టర్ చెప్పాడు. ఇన్నేళ్లయినా వాటిని చెవితోనే పట్టుకోవాలి. స్క్రీన్‌లో ఆ చప్పుడు టకటకమని స్పష్టంగా వినిపిస్తుంది. వార్డులో ఫ్యాన్ల గోల, పక్క బెడ్డు మామ్మ దగ్గు, సన్నటి చెయ్యి. మా బ్యాచ్‌మేట్ ఒకమ్మాయికి అస్సలు వినపడకపోతే తనకి చెవుల్లో లోపముందేమో అని ఏడ్చినంత పని చేసింది. వార్డు సిస్టర్ ఒకరు వచ్చి చూసి, స్టెత్ చెవుల్లో వెనక్కి తిరిగి ఉందమ్మా, ముక్కు వైపుకి తిప్పి పెట్టుకో అన్నారు. అంతే, వినపడింది. ఆ చిన్న మాట చెప్పడానికి మనిషి పక్కన ఉండాలి, మన వైపు చూస్తూ ఉండాలి.

నర్సింగ్ చదువులకి నియమాలు పెట్టే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌కి ఈ సంగతి తెలియక కాదు. థియరీకి 80% అటెండెన్సు చాలంటుంది, ప్రాక్టికల్ ఏరియాలకి మాత్రం డిగ్రీ చేతికి వచ్చేలోపు 100% పూర్తి చేసి తీరాలంటుంది. పదిమంది విద్యార్థులకి ఒక టీచర్ ఉండాలని కూడా చెబుతుంది. నా మనవి ఏమిటంటే, ఆ పదికి ఒకరి లెక్క స్క్రీన్ మీద కనిపించే మేడమ్‌తో పూర్తయినట్టు ఎవరూ అనుకోకూడదు. ఒక మేడమ్ మూడు ఊళ్లలో కనిపించగలరు, మూడు ఊళ్లలో నా వేళ్ల మీద చెయ్యి పెట్టలేరు.

ఇంకో విషయం. మాలో చాలామంది రేపు ఎంఎల్‌హెచ్‌పీలుగా, అంటే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లుగా, విలేజ్ క్లినిక్‌లకి వెళ్తారు. అక్కడ ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవలో డాక్టర్ స్క్రీన్ మీద ఉంటారు, పేషెంటు మా పక్కన ఉంటారు. 2019 నవంబరులో ఈ పద్ధతిని దేశంలో అందరికంటే ముందు మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశే. అక్కడ పొట్ట నొక్కి చూసేది, కాలి వాపు వేలితో నొక్కి గుంట పడుతుందో లేదో చెప్పేది, డాక్టర్ అన్న మాటని పేషెంటుకి అర్థమయ్యేలా చెప్పేది, పేషెంటు సిగ్గుపడి దాచిన మాటని డాక్టర్‌కి చేరవేసేది ఇవతల ఉన్న నర్సే. ఆ నర్సు లేకుండా టెలిమెడిసిన్ నడపవచ్చని ఎవరూ అనరు. మా సెమినార్ హాల్లో ఆ ట్యూటర్ మేడమ్ చేసిందీ ఇదే పని. అలాంటి టీచర్ దగ్గర నాలుగేళ్లు కూర్చుంటే, కెమెరా ముందు ఎలా మాట్లాడాలో, అవతలివాళ్లకి కనిపించనిది ఎలా చెప్పాలో మాకు వేరే ట్రైనింగ్ ఇవ్వక్కర్లేదు.

కాలేజీల మేనేజ్‌మెంట్లకి, విజయవాడలో ఉన్న హెల్త్ యూనివర్సిటీ పెద్దలకి మీ పత్రిక ద్వారా కొన్ని చెప్పుకోవాలని ఉంది. మైకులు వరసకి ఒకటైనా ఉంటే మాట్లాడేవాళ్లు పెరుగుతారు. కెమెరా ముందు గోడకి మారిస్తే మా ముఖాలు కనిపిస్తాయి, దానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఎండాకాలంలో కరెంటు పోయి పాఠం సగంలో ఆగినప్పుడు ఆ సగం ఎవరు చెబుతారో ముందే తేల్చుకుని ఉండాలి. క్లాసు రికార్డింగు హాస్టల్లో చూసుకునే వీలుండాలి. సొంత ఫోన్ లేనివాళ్లు, డేటా వేయించుకోలేనివాళ్లు క్విజ్‌లో జవాబు నొక్కలేక ఊరికే కూర్చుంటున్నారు, వాళ్లకి చెయ్యెత్తి చెప్పే అవకాశమివ్వాలి. ఏ ప్రొసీజర్ వీడియోలో చూపిస్తే అది ఆ వారంలోనే స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద, ఆ తర్వాత వార్డులో ట్యూటర్ పక్కన ఉండగా మా చేత చేయించాలి. నెలలు గడిచాక చేయమంటే చూసింది గుర్తుండదు.

ట్యూటర్ల జీతాల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు కానీ, మంచి ట్యూటర్లు ఎందుకు వెళ్లిపోతున్నారో మాకు తెలుసు. ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసే స్టాఫ్ నర్సుకి వచ్చేదానికంటే తక్కువ ఇచ్చి, అటెండెన్సు తీసుకోవడం, రికార్డులు దిద్దడం, హాస్టల్ చూసుకోవడం అన్నీ మీద పెడితే ఎంత ఇష్టమున్నా ఎన్నాళ్లు ఉంటారు? స్క్రీన్ కొనడానికి దొరికిన డబ్బు వాళ్లకి కూడా దొరకాలి.

ఈ ఏడాది చివర మేం పరీక్షలు రాసి వెళ్లిపోతాం, ఇవి జరిగినా మా బ్యాచ్‌కి అందవు. కొత్త సెమిస్టర్ టైమ్ టేబుల్ మాత్రం ఇంకా నోటీసు బోర్డు మీదికి రాలేదు. అందులో వీడియో క్లాసు ఉన్న ప్రతి గడిలో, అవతలి మేడమ్ పేరు కింద, ఇవతల హాల్లో ఉండే ట్యూటర్ పేరు కూడా రాయించమని మా ప్రిన్సిపల్ గారిని అడిగాం. మిగతా కాలేజీల పిల్లలు కూడా అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ విద్యార్థిని,
గుంటూరు

(పేరు ప్రచురించవద్దని మనవి)